బండితో పాటు

ఇంటి పక్క రేకుల షెడ్డులో ఎర్రరంగు పాత స్పోర్ట్స్ కారు. కొనడానికి వచ్చిన యువకుడు డ్రైవరు వైపు తలుపు తీసి ఆగిపోయాడు. అమ్మే ఇల్లాలు అతని వెనకే నిలబడి ఉంది.

"పక్క సీట్లో ఎవరో ఉన్నారండీ."

"మా ఆయన. నువ్వు చూసుకో బాబూ, ఆయనేం అడ్డు కాదు."

"నమస్కారమండీ... నిద్రపోతున్నారా?"

"నిద్రా పాడా! పక్షవాతం. ఒక పక్క పడిపోయింది, మాటా పోయింది. రోజూ పొద్దున్నే తెచ్చి ఇందులో కూర్చోబెడతాను. లోపలుంటే గోడకేసి చూస్తాడు, ఇక్కడైతే అద్దంలోంచి చూస్తాడు. నాకూ కాసేపు ఊపిరాడుతుంది."

"అయితే ఇంకోసారి వస్తానండీ. ఆయన ముందర బేరమంటే..."

"ఆయన ముందరే కావాలి. చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. దేవుడు నాకు చేసిన మేలు అదొక్కటే. ఊఁ, మీటరు చూడు."

"మూడు లక్షలు దాటేసింది!"

"గట్టిగా చదువు. వినపడాలి."

"మూడు లక్షల పద్దెనిమిది వేల కిలోమీటర్లు. కష్టమండీ. ఇవి పరుగు కోసం చేసిన ఇంజన్లు, ఇందులో సగం తిరిగేసరికే అరిగిపోతాయి. అయినా మీటరు వెనక్కి తిప్పించకుండా ఉన్నదున్నట్టు చూపించారు. అది మెచ్చుకోవాలి."

"మీటరు ఎన్నడూ అబద్ధమాడలేదు బాబూ. ఆ పని నడిపిన మనిషే చూసుకున్నాడు."

"స్టార్ట్ చేస్తున్నా... ఆ టకటక విన్నారా? పొగ కూడా నీలంగా వస్తోంది. ఆయిల్ తాగేస్తోందండీ."

"తాగనీ. గట్టిగా తొక్కు."

"ఇంకా వేడెక్కలేదండీ, ఇప్పుడు తొక్కితే దెబ్బతింటుంది."

"దెబ్బతినాల్సినవి తింటాయి. తొక్కమన్నానా! ఆఁ, అదీ. ఇప్పుడు ఆయన కళ్ళు చూడు. ఆ వేళ్ళు చూడు, గేరు కోసం ఎలా తడుముకుంటున్నాయో. చూశావా? ఇక ఆపెయ్."

"ఆపెయ్యమంటారా?"

"ఆపెయ్. రోజూ ఇంతే. తాళం తిప్పుతాను, ఆశ పుట్టాక లాగేస్తాను."

"పాపమండీ."

"పాపమా? ఆ మాట నీకెవరు నేర్పారు? సర్లే, ఇంజను చూసుకో."

"చూస్తున్నా... అబ్బో, ఇక్కడంతా ఆయిల్ కారి గడ్డకట్టింది. ఆ టకటక లోపలి చెయిన్ వదులై వచ్చిందే. బాడీ మాత్రం చెక్కుచెదరలేదండీ. ఎక్కడా తుప్పు లేదు."

"మేమూ బాడీ చూసే మోసపోయాం."

"ఇంత దూరం ఎక్కడెక్కడ తిరిగారండీ?"

"ఎక్కడెక్కడా లేదు, ఒకటే దారి. శనివారం వెళ్ళడం, సోమవారం రావడం. ఆఫీసు పని అనేవాడు. పాతికేళ్ళు. దారిలో ఆకలేస్తుందని నేనే భోజనం కట్టిచ్చేదాన్ని."

"మీకు... అనుమానం రాలేదా?"

"అనుమానమెందుకు? ఓసారి బండి తుడుస్తుంటే సీటు కింద బూటు దొరికింది. ఇంత బుల్లిది. ఒంటి కాలిది. మా ఇంట్లో పిల్లలు లేరు."

"ఏం చేశారు?"

"తీసినచోటే పెట్టేశాను. పాపం, ఎవరో వెతుక్కుంటుంటారు కదా. ఏమిటలా బిగుసుకుపోయావు?"

"ఏం లేదండీ. వేడి తగిలింది."

"అయితే ఒక మాట చెప్పు. బానెట్ ఎలా తీశావు?"

"మామూలుగానే."

"మామూలుగా తీస్తే రాదు. మోకాలితో నొక్కిపెట్టి ఎడం పక్క పిడికిలితో ఒక్కటి గుద్దాలి. గేటు స్తంభాన్ని ఢీకొట్టుకొచ్చిన రోజు నుంచీ అంతే. మెకానిక్కు కూడా నన్నడిగి తీశాడు. నువ్వు అడగలేదు."

"ఈ మోడల్ బళ్ళన్నీ అలాగేనండీ."

"ఈ మోడల్ బళ్ళన్నీ పోయి ఒకే గేటుకి గుద్దుకున్నాయా? మా గేటుకి మచ్చ లేదు బాబూ. అది మీ గేటు. ఏమని పిలవాలో తెలీక ఇందాకట్నుంచీ అండీ అండీ అని నలిగిపోతున్నావు. వరసకి పెద్దమ్మనవుతాను."

"తెలిసే రానిచ్చారా?"

"రానివ్వడమేమిటి, రప్పించాను. అమ్మకానికని మీ ఊరి పేపర్లో తప్ప ఎక్కడా వెయ్యలేదు. ఆ ముక్కు చూస్తే చాలదూ? ఆయన మొహం మీంచి ఊడిపడినట్టుంది."

"పడిపోయారని మాకు కబురైనా పెట్టలేదు మీరు. రెండేళ్ళు! శనివారం వస్తే అమ్మ వీధిలోకి చెవి పెట్టుకుని కూర్చునేది. ఈ ఇంజను చప్పుడు మలుపులో వినపడితే చాలు, గేటు తీయడానికి పరిగెత్తేది. తర్వాత్తర్వాత ఏ బండి చప్పుడు విన్నా లేచేది. చివరికి పోయారనుకున్నాం."

"నేను పాతికేళ్ళు కూర్చున్నాను. మీరు రెండేళ్ళకే అలిసిపోయారా?"

"ఆయన ఏడుస్తున్నారు. కాస్త మెల్లగా మాట్లాడండి."

"నువ్వు తలుపు తీయగానే గుర్తుపట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. సరే, బేరం తెముల్చుకుందాం. బండికి నువ్వేమీ ఇవ్వక్కర్లేదు."

"ఊరికే ఎందుకిస్తారు?"

"ఊరికే ఎవరిచ్చారు? పక్క సీటుతో కలిపి ఇస్తున్నాను. బట్టలు డిక్కీలో పెట్టేశాను. మందులు ఏ పూటవి ఆ పూటకి విడివిడిగా కట్టాను. మెత్తగా పిసికి పెడితే మింగుతాడు. పడుకున్నప్పుడు పక్కకి దొర్లించకపోతే వీపు పుండవుతుంది. అవన్నీ నాలుగు రోజుల్లో అలవాటైపోతాయిలే మీ అమ్మకి."

"మీరు చెప్పేది..."

"అదుగో, అదుగో ఆ చెయ్యి చూడు! సీటు బెల్టు పట్టుకున్నాడు. రెండేళ్ళలో ఒక్క చెంచా పట్టుకోని చెయ్యి! వస్తానంటున్నాడు నాయనా. నవ్వుతున్నాడు కూడాను. ఉండు, నేనే పెడతాను బెల్టు. అయింది. ఇక మీ దారి మీది."

"బయల్దేరే ముందే అడిగాను అమ్మని. ఒకవేళ ఆయన బతికుండి, తీసుకుపొమ్మంటే ఏం చెయ్యమంటావని."

"అడిగావా? చెప్పు బాబూ. నా నడుం విరిగిపోయింది, ఇంక నావల్ల కాదు. ఏమంది మీ అమ్మ?"

"ఆ బెల్టు తీసి దింపండి, పెద్దమ్మా. బండొక్కటే తెచ్చుకోమంది."