కుందేళ్ళ లెక్క

హాస్టలు వంటింటి వెనక మెట్ల మీద పశువుల డాక్టరు కూలబడ్డాడు. పొద్దుటి నుంచి తిరిగి తిరిగి కాళ్ళు పీక్కుపోతున్నాయి. ఒళ్ళో బూడిదరంగు కుందేలు. ఎదురుగా వంటక్క, అమ్మానాన్నా లేని పిల్లలకి మూడు పూటలా వండిపెట్టే మనిషి.

"మళ్ళీ అడుగుతున్నానక్కా. దీనికి ఏం పెడుతున్నారు?"

"మళ్ళీ చెబుతున్నా డాక్టరుగారూ. గోడ మీద అంటించిన కాగితంలో ఉన్నదే."

"ఆ కాగితం రాసింది నేనే. అందులో ఏముందో చెప్పండి."

"ఎండుగడ్డి, ఎంత తింటే అంత. రోజూ గుప్పెడు ఆకుకూర, రకం మార్చి మార్చి. క్యారెట్ ముక్క ఎప్పుడో ఓసారి. ఎప్పుడూ మంచినీళ్ళు."

"బాగా అప్పజెప్పారు."

"అమ్మగారు వచ్చినప్పుడల్లా అప్పజెప్పిస్తారు. కుందేళ్ళని ఇచ్చింది ఆవిడే కదా. పిల్లల చేత కూడా చెప్పిస్తారు, వరసలో నిలబెట్టి."

"మరి ఇవన్నీ తిన్న కుందేలు పొట్ట డప్పులా ఎందుకుంది?"

"వయసు."

"రెండేళ్ళు లేవు దీనికి."

"అయితే గాలి మార్పేమో. కూర్చుంటుంది, నములుతుంది, పడుకుంటుంది. పిల్లలు దీన్ని చిన్న వార్డెను అంటారు. ఆయన వినకుండా లెండి."

"ఇటు చూడండి. తోక కింద బంకలా ఏమిటిది?"

"కడుగుదామనే అనుకున్నా."

"కడిగితే పోయేది కాదు. గడ్డి తిన్న కుందేలుకి పెంటికలు పొడిపొడిగా రావాలి. ఇది పిండి తిన్న కడుపు. పట్టుకోండి, నోరు తెరుస్తాను. అదిగో, చూశారా? వెనక పళ్ళు మేకుల్లా పెరిగాయి. నాలుక కోసుకుపోయింది. గడ్డి నమిలితే అరగాల్సిన పళ్ళవి. పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదంటే ఎలా ముడుతుంది, నోరంతా పుండయితే?"

"అయ్యో, నా తల్లే."

"అయ్యో తర్వాత. రొట్టె పెట్టారా?"

"ఎవరు?"

"మీరే."

"ఎప్పుడైనా ఒక ముక్క, పిల్లలు ముద్దొచ్చి..."

"ఒక ముక్కకి ఇలా అవదు."

"పాలు పొంగుతున్నాయేమో, చూసొస్తా."

"పొయ్యి వెలిగించలేదు మీరు. కూర్చోండక్కా. నేను పోలీసుని కాదు, గట్టిగా అరిచే ఓపిక కూడా లేదు నాకు. రొట్టె ఎప్పటి నుంచి?"

"చలి మొదలైన దగ్గర్నుంచి."

"ఆకుకూరలు రావట్లేదా?"

"ఎందుకు రావు? పొద్దున్నే అమ్మగారి బండిలో వస్తాయి. కుందేలుకి ఇంత అని లెక్క. కొత్త కుందేలు చేరితే దాని వాటా అదనం. తడిగుడ్డ చుట్టి మరీ పంపుతారు. మా పిల్లలకొచ్చే కూరగాయల్లో సగం పుచ్చులు. వీటి ఆకు మీద మచ్చ కనబడదు."

"మరి ఆ ఆకులు ఎక్కడికి పోతున్నాయి? అమ్ముతున్నారా?"

"ఆ మాట ఇంకొకరు అంటే గరిటె విరిగేది."

"మరి?"

"సన్నగా తరిగి పిల్లల కూరలో వేస్తున్నా. వాళ్ళ రొట్టె తెచ్చి వీటికి వేస్తున్నా. మార్చానంతే. ఒక్క పిడికెడు నా ఇంటికి పోలేదు."

"గడ్డయినా పెట్టాల్సింది కదా."

"గడ్డా? వార్డెనుగారు నాకు రోజూ పెడుతున్నారు."

"మీకు పెట్టింది దీనికి పెట్టినా బాగుండేది. అమ్మగారు పంపిన ఎండుగడ్డి మోపులేవి?"

"పిల్లల కింద ఉన్నాయి."

"కింద ఏమిటి?"

"ఉత్త గచ్చు మీద పడుకుంటారు డాక్టరుగారూ. చలికి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుపోతారు. ఖాళీ సంచుల్లో గడ్డి కూరి కుట్టాం, నేనూ పెద్దపిల్లలూ కలిసి. చిన్నదానికి దగ్గు తగ్గింది."

"కుందేళ్ళవి ఇంకేం తీసుకున్నారు?"

"ఇంకేం మిగిలాయి, చెవులు తప్ప?"

"నవ్వులాట కాదు. ఈ రొట్టె ఇంకో నెల తింటే ఇది చచ్చిపోతుంది. ఆ గూట్లో మిగతావీ దీని వెనకే పోతాయి. ఉత్త పిండి, చక్కెర. ఏ ప్రాణీ దీని మీద బతకదు."

"మా పిల్లలు ఇక్కడ చేరిన నాటి నుంచీ అదే తిన్నారు."

"నేను కుందేళ్ళ గురించి మాట్లాడుతున్నానక్కా."

"నేను రొట్టె గురించి మాట్లాడుతున్నా. కుందేలు ఒక్క చలికాలం తిని పడిపోతే బండేసుకుని మీరొచ్చారు. పిల్లలకి పెదాల మూలలు పగిలి, చిగుళ్ళ వెంట రక్తమొస్తే ఎవరొచ్చారు? వార్డెనుగారు చూసి, ఎండలో ఆడితే అంతే అన్నారు."

"అమ్మగారికి చెప్పి చూడాల్సింది."

"చెప్పాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పిల్లల తిండి సర్కారు చూసుకుంటుంది, పాపం మూగజీవాలకే ఎవరూ లేరంది. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. ఆవిడ ముందు మా పిల్లలూ మూగజీవాలే, ఒక్కడూ నోరెత్తడు."

"సాయంత్రం ఆవిడ మనిషి వస్తాడు. దీనికి ఏమైందో నేను రాసివ్వాలి."

"తెలుసు. రొట్టె అని రాస్తే నన్ను పంపించేస్తారు. పోతాను, ఇంకో చోట ఇంకో పొయ్యి. కానీ కుందేళ్ళనీ తీసుకుపోతారు. ఆకుల బండి రాదు. నా ఏడుపు అదీ."

"ఉన్నది ఉన్నట్టు రాయడం నా పని."

"ముందు ఇది బతుకుతుందా చెప్పండి. దీని ఉసురు నాకొద్దు. రొట్టె వేసినప్పుడల్లా నా వెంట పరిగెత్తుకొచ్చేది."

"సూది వేశాను. పళ్ళు అరగదీస్తాను. రేపటికి గడ్డి ముడితే గట్టెక్కినట్టే. దగ్గర్లో పచ్చిగడ్డి దొరకదా?"

"గోడ అవతల ఖాళీ స్థలమంతా గడ్డే."

"పురుగుమందు కొట్టిన చోటా?"

"అక్కడెవరు కొడతారు? దోమల మందే ఇటు రాదు."

"అయితే అది కోసి, కడిగి, కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యండి. కొంత ఎండబెట్టి దాచండి. కడుపునిండా గడ్డి ఉంటే కుందేలుకి ఆకుకూర రెండాకులు వేసినా సరిపోతుంది."

"గోడవతల గడ్డేనా? ఉత్త గడ్డే?"

"దాని అసలు తిండే అది. కాగితంలో మొదటి మాట గడ్డే రాశాను. గడ్డి కదా, ఎవరి కంటికీ ఆనదు."

"ఆ ముక్క ముందే విప్పి చెప్పుంటే దీని నోరు పుండయ్యేదా?"

"మీరు అడగలేదు."

"అడిగితే ఆకులేవని మీరు అడిగేవారు."

"సరే, ఆ కలం ఇటివ్వండి. పళ్ళు పెరిగి నోరు పుండయింది, గడ్డి ఎక్కువ పెట్టాలి అని రాస్తాను. అబద్ధం కాదు. ఎందుకు పెరిగాయని ఆ వచ్చేవాడు అడిగితే అప్పుడు చూద్దాం."

"ఇంకొక్క మాట చేర్చు తమ్ముడూ."

"ఆకుకూర రెండింతలు పంపమనా? అలా రాస్తే ఎందుకని అడుగుతారక్కా. నా వల్ల కాదు."

"ఆకుకూర ఊసే వద్దు. తోడు చాలట్లేదని రాయి. ఇంకో అయిదు కుందేళ్ళని పంపమను."

"ఉన్నవాటికే ఈ గతి పట్టింది. ఇంకో అయిదు ఏం చేసుకుంటారు?"

"నిన్న అయిదుగురు కొత్త పిల్లలు వచ్చారు."