ఒక పాప ఆకలి వెంట ఆగని అడుగులు

1993 జూన్ 14వ తేదీన, పిల్లల ఆసుపత్రి వెనుకనున్న మా జన్యు పరీక్షా విభాగంలో సహాయ పరిశోధకురాలిగా బాధ్యతలు స్వీకరించిన నాటి నుండి, విభాగాధిపతిగా ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్న నేటి వరకు, మా పెద్ద మేడమ్ గారు కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసిన పుణ్యాత్ములెవరైనా ఉంటే ముందుకు రావలసిందిగా ప్రార్థన. ఫలితం వెలువడే వరకు కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరగడం వారి నైజం. "మీరు తిరిగితే మిషన్ తొందరగా తిరుగుతుందా మేడమ్?" అని ఆటపట్టిస్తే, "తిరక్కపోతే నాకు పిచ్చెక్కుతుంది, అడ్డు లేవండి!" అనేవారు.

తొలి దశాబ్దం రక్తహీనత పరీక్షలతో గడిచిన పిమ్మట, బాల్య స్థూలకాయానికి దోహదం చేసే జన్యు కారణాల అధ్యయనం వారి చేతికి వచ్చింది. తిండి, ఆట, నిద్ర, వంశపారంపర్యం కలగలిసిన ఈ చిక్కుముడిలో తప్పంతా తల్లి నెత్తిన రుద్దడం లోకానికి సులువు. లోకం నోటికి మూత ఎక్కడుంది?

ఆ రోజుల్లోనే, బట్టలు కుట్టి బతికే ఒకావిడ నాలుగేళ్ల కూతురిని ఎత్తుకోలేక నడిపించుకుంటూ వచ్చింది. "నేనే చాటుగా మేపుతున్నానంటోంది మా అత్త. మా ఆయనా అదే మాట. నా తప్పు లేదని మీరైనా చెప్పండి మేడమ్" అని బావురుమంది. అప్పటికి తెలిసిన జన్యువులన్నీ వెదికినా ఏ లోపమూ కనబడలేదు. "కనబడలేదంటే లేదని కాదమ్మా" అని మేడమ్ గారు ఎంత నచ్చజెప్పినా, వట్టి చేతులతో వెనుదిరిగిన ఆ తల్లి ముఖం వారిని నిలవనీయలేదు. తల్లి అనుమతితో భద్రపరచిన ఆ నమూనాను, శాస్త్రం కొత్త జన్యువును గుర్తించిన ప్రతిసారీ మళ్లీ పరీక్షించారు. విభాగాధిపతి అయ్యాక కూడా ఆ పని మరొకరికి అప్పగించలేదు.

గత మాసంలో దొరికింది! కడుపు నిండిందన్న కబురును మెదడుకు చేరనీయని మార్పు ఒక జన్యువులో కనిపించింది. రెండో పరీక్షతో రూఢి చేసుకుని, వారే స్వయంగా ఆ ఇంటికి వెళ్లారు. కుట్టుమిషన్ ముందు జుట్టు నెరిసిన తల్లి, పక్కనే గుండీలు కుడుతూ ఎదిగిన కూతురు.

"నీ తప్పేం లేదమ్మా. కడుపు నిండిన సంగతి దానికి పుట్టుకతోనే తెలీదు" అన్నారు మేడమ్ గారు. ఇన్నేళ్ల భారం దిగి ఆ ముఖం వెలుగుతుందని ఆత్రంగా చూశారు.

తల్లి మిషన్ ఆపేసింది. "అయితే దానికి నిజంగానే ఆకలేసేదా? దొంగతిండి తింటోందని చేతులు వాచేలా కొట్టానే!"

కూతురు లేచి తల్లిని పట్టుకుంది. "ఆకలేస్తోందంటే అప్పుడు ఎవరూ నమ్మలేదమ్మా. ఇప్పుడు నమ్మావుగా, చాలు."

మరునాడు మేడమ్ గారు అందరికన్నా ముందే వచ్చి, "ఏమీ లేదని పంపేసిన పిల్లలెందరో! వాళ్ల నమూనాలన్నీ మళ్లీ చూడాలి, లేవండి" అంటూ మమ్మల్ని తరిమారు. ఆ పని ఇకపై మాది. మేడమ్ గారూ, ఆయురారోగ్యాలతో, మనుమల సందడితో నిండు నూరేళ్లు చల్లగా ఉండండి. ఆకలేస్తోందని ఏ బిడ్డ చెప్పినా, పరీక్ష కన్నా ముందు ఆ మాట నమ్ముతామని మీకు మాటిస్తున్నాం.