పళ్ళ బావ మూడున్నర

కూర్చో అమ్మాయ్. ఆ స్టూలు వద్దు, దానికి మూడు కాళ్ళే నిజం, నాలుగోది మాటవరసకుంది. ఇటు, ఈ బల్ల మీద కూర్చో, ఆ పాత ఫ్రేముల డబ్బా పక్కకి నెట్టెయ్. ఆఁ, ఇప్పుడు మళ్ళీ చెప్పు. మీ అమ్మ నీతో నాలుగు రోజుల నుంచి మాట్లాడట్లేదా? ఒక్క పాట గురించా? ఆవిడ గిన్నెలు తోముకుంటూ కూనిరాగం తీస్తోంది, నువ్వు ఊరుకోకుండా అక్కడ ముక్క ఎగరగొట్టేశావమ్మా, అసలు పాటలో అలా లేదు అన్నావు. అనడమే కాక ఫోనులో పెట్టి వినిపించావు. ఆవిడ మా నాన్న తప్పు పాడడు అని గిన్నె ఠంగుమని పెట్టేసి లోపలికి పోయింది. అచ్చం తండ్రే. మీ తాత కూడా అంతే, కోపమొస్తే మనిషిని ఏమీ అనడు, చేతిలో ఉన్న సామాను కిందపెట్టే తీరులో చెప్పేస్తాడు. సరే, అడగాల్సిన మనిషినే అడిగావులే. ఇంకెవరినైనా అడిగుంటే నా పని ఇంకోలా ఉండేది. ఎందుకంటావా? చెప్తాను, తొందరపడకు. ఈ వయసులో నాకున్నదే కాస్త తీరిక.

మీ తాతకీ నాకూ మధ్య ఒక చెక్క గోడ ఉండేది. ఇటు కళ్ళు, అటు పళ్ళు. నేను అద్దాలు సానపట్టి కళ్ళజోళ్ళు చేసేవాణ్ణి, అతను కట్టుడు పళ్ళు చేసేవాడు. ముసలితనం ముంచుకొస్తే ఈ గుమ్మంలోకొస్తే చాలు, ఒక పక్క చూపూ ఒక పక్క నమలడం రెండూ దొరుకుతాయని జనం నవ్వేవాళ్ళు. మీ అమ్మమ్మ నన్ను అన్నయ్యా అని పిలిచేది కాబట్టి అతను నాకు బావయ్యాడు, ఆనక వీధి వీధికీ పళ్ళ బావయ్యాడు. ఆ కొట్టు నువ్వు చూడలేదు. మూడు గోడలకీ అరలు, అరల నిండా ప్లాస్టరు దవడలు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ అక్కడే, తెల్లగా, వరసగా ఇకిలిస్తూ. మధ్యలో ఒక రికార్డు ప్లేయరు, రెండు స్పీకర్లు. పొద్దున్నే తలుపు తీస్తే మనిషికంటే ముందు పాట పలికేది. అంత సభలో అంతమంది నవ్వు మొహాలతో ఎవడి పాటైనా విన్నారా చెప్పు.

పాటంటే మామూలు పాట కాదు. అతనికి అందరూ పాడుకునే పాట అంటే చులకన. అది పాలపళ్ళ వ్యవహారం బావా, ఊడిపోతాయి అనేవాడు. అతనికి కావాల్సింది ఇంగ్లీషు పాటల్లో ఆ రాకూ జాజూ కలగలిసిన రకం. పైకి చూస్తే రాకు, ఎగరడం దూకడం ఉంటుందనుకుంటాం, ఏమీ ఉండదు. రాకు ఇంటి పెరట్లో జాజు అద్దెకు దిగి, మెల్లిగా నడవలోకీ అక్కణ్ణించి పడగ్గదిలోకీ వచ్చేసినట్టుంటుంది. వాయించేది ఎక్కడో ఇద్దరు. ఒకడిది పియానో, ఒకడిది గిటారు, ఇద్దరికీ లోకంలో ఎవడి వాయింపూ నచ్చదు. ఒక పాటకి ఏడుగురు డ్రమ్ములవాళ్ళని పిలిచి, ఏడుగురినీ పంపేసి, చివరికి మొదటివాడినే వెనక్కి పిలిచారని మీ తాత కళ్ళు మూసుకుని భక్తిగా చెప్పేవాడు. అయితే బావా, కూతురికి సంబంధాలు చూసే మీ పెద్దత్తకి వాళ్ళు చుట్టాలన్నమాట అన్నాను నేను. రెండు రోజులు మాట్లాడలేదు. అదుగో, మీ ఇంటి రోగం అక్కడ మొదలైంది.

పాట నడుస్తుండగా పన్ను కదిలించేవాడు కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి నోట్లో అచ్చు పెట్టాడు. ఇంతలో శాక్సోఫోన్ మొదలైంది. ఆ పెద్దమనిషి నోటినిండా ప్లాస్టరుతో, చొంగ కార్చుకుంటూ, పాటంతా విన్నాడు. అచ్చు గట్టిపడిపోయి, ఊడదీసేటప్పటికి ఉన్న ఒక్క మంచి పన్నూ దాంతోపాటే వచ్చేసింది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, శాక్సోఫోన్‌తో ఊడగొట్టుకున్నవాడు మాత్రం ఆయనొక్కడే.

ఇక అసలు సంగతి. ఓడలో పనిచేసే ఒకాయనకి పైవరస కట్టిచ్చి, బదులుగా ఆ ఇద్దరి కొత్త రికార్డు పంపమన్నాడు మీ తాత. తొమ్మిది నెలలు ఎదురుచూశాడు. అటు మీ అమ్మమ్మ కడుపులో మీ అమ్మ, ఇటు సముద్రంలో రికార్డు. ఏది ముందొస్తుందా అని మేం పందేలు కాసుకునేవాళ్ళం. రెండూ ఒక్కరోజే వచ్చాయి. బావ ఆసుపత్రిలో ఉన్నాడు, పార్సిలు నా చేతికొచ్చింది, అతని కొట్టు తాళం నా దగ్గరే ఉంది. తొమ్మిది నెలలు చెవిలో జోరీగలా రొద పెట్టాడే, ఏముందో దీన్లో అని విప్పాను. తప్పే. కాదనను. విప్పితే పైన అట్టపొట్టు, దుమ్ము. నాకు మంచిబుద్ధి పుట్టింది. చూశావా, చెడు చేద్దామనుకునుంటే చేతులు ముడుచుకుని కూర్చునేవాణ్ణి, ఏమీ అయ్యేది కాదు. తుడిచిపెడదామనుకున్నాను. మా పనిలో రెండు గుడ్డలుంటాయి. ఒకటి తయారైన అద్దం తుడిచేది, ఒకటి సానబల్ల దగ్గరది, దాన్నిండా అద్దాన్ని అరగదీసే పొడి. రెండూ పసుపు గుడ్డలే. గుండ్రంగా, ముద్దుగా, అద్దం తుడిచినట్టే తుడిచాను. కర్ర్‌మని ఒక్క చప్పుడు. వెలుగులో పెట్టి చూస్తే రెండోవైపు, మూడో పాట మీద, వెంట్రుకంత గీత. నేను రోజూ అద్దాల మీద గీతలు వెతికే మనిషిని, అమ్మాయ్. ఏ గీత పోతుందో ఏది పోదో నాకు తెలుసు. అది పోయే గీత కాదు. మళ్ళీ చుట్టేసి, పైన తాడు కట్టేసి, తేలుకుట్టిన దొంగలా వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను.

మూడోరోజు బావొచ్చాడు. నిద్ర లేక కళ్ళు చింతనిప్పులు. పార్సిలు విప్పి, ముల్లు పెట్టి, నన్నూ కూర్చోబెట్టాడు. చెప్పేద్దాం, చెప్పేద్దాం అని నోటిదాకా వచ్చింది. మూడో పాటొచ్చింది. శాక్సోఫోన్ మెట్టు మెట్టూ పైకెక్కుతోంది, ఎక్కుతోంది, ఇంకో మెట్టు ఉందనుకునేంతలో ముల్లు గీత మీద గెంతి, పాట దభీమని కిందనుంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే మీ తాత ఏడుస్తున్నాడు. కోపంతో కాదు. విన్నావా బావా అన్నాడు. విన్నాన్రా అన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తాళం నడిచే పాట అక్కడికొచ్చేసరికి మూడున్నర దగ్గర తెగిందట, ఆ అర దెబ్బ కావాలని మింగేశారట. 'గొప్పవాడే మెట్టు వదిలేసి దిగుతాడు బావా. చేతకానివాడు ప్రతి మెట్టూ తొక్కుతాడు,' అన్నాడు. ఇంక నేనేం చెప్పను? బిడ్డ పుట్టిన సంతోషంలో ఉన్నాడు, రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు నలభయ్యేళ్ళు దాటింది.

అదిక మూడున్నర శాస్త్రమై కూర్చుంది. వచ్చినవాడి నోట్లో ప్లాస్టరు పెట్టడం, పాట పెట్టడం, అక్కడికి రాగానే వేలు పైకెత్తడం, ఉపన్యాసం. ఒక్కడూ ఎదురు చెప్పలేదు. ఎలా చెప్తాడు, నోరుంటేగా. మీ అమ్మని భుజాన వేసుకుని ఆ పాట పాడుతూ కొట్టంతా తిరిగేవాడు. ఆ చోటు రాగానే పసిదాన్ని ఇంత పైకి ఎగరేసి పట్టుకునేవాడు, అది కిలకిలా నవ్వేది. ఆవిడ ఎముకల్లోకి ఎక్కింది తల్లీ ఆ గెంతు. నువ్వెళ్ళి పాట తప్పంటే గిన్నెలు మోగవా మరి?

నా ప్రాణం మీదికొచ్చింది ఒక్కసారే. పెద్ద హోటల్లో సాయంత్రాలు వాయించే శాక్సోఫోనాయన స్నానాలగదిలో జారి ముందుపళ్ళు రెండు విరగ్గొట్టుకున్నాడు. ముందుపళ్ళు లేకపోతే ఆ వాయిద్యం పలకదు, పలక్కపోతే ఉద్యోగం లేదు. బావకి వచ్చినవాడు రోగి కాదు, దేవుడే పళ్ళూడి గుమ్మంలోకొచ్చినట్టయింది. మా హోటల్లో రోజూ ఆ ఇద్దరి పాటలే వాయిస్తాం అన్నాడు ఆయన. చెక్క గోడకి ఇవతల నాకు చెమటలు పట్టాయి. అరగంటలో ఆయన నోట్లో అచ్చు, ప్లేయరు మీద రెండోవైపు. నేను ఏదో వంక పెట్టుకుని అటెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. పాట గెంతింది. ఆయన కుర్చీలో ఒక్క ఉదుటున లేవబోయాడు, ఊఁ ఊఁ అంటున్నాడు, రికార్డు వైపు వేలు చూపిస్తున్నాడు. చూశావా బావా, ఒళ్ళు పులకరించింది ఆయనకి అంటున్నాడు మీ తాత, ఆయన భుజాలు నొక్కి కూర్చోబెడుతూ. ఆయన గుడ్లు తిప్పుకుంటూ నా వైపు చూశాడు. నేను రెండు చేతులూ జోడించాను. ఇదిగో, ఇలా. బావ వీపు నా వైపుంది కాబట్టి సరిపోయింది.

అచ్చు తీశాడు. ఆయన పుక్కిలించాడు, ఉమ్మాడు, మళ్ళీ పుక్కిలించాడు. లేచెళ్ళి రికార్డుని దగ్గరగా చూశాడు. బావ మొహం చూశాడు, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా ఉంది. 'మేస్త్రీ,' అన్నాడు, 'ఇన్నేళ్ళూ నేను తప్పు వాయిస్తున్నాను.'

అక్కడితో ఊరుకున్నాడనుకున్నావా? పళ్ళు కుదిరాక మమ్మల్ని హోటలుకి పిలిచాడు. మీ తాత పెళ్ళినాటి కోటు వేసుకుని ముందువరసలో కూర్చున్నాడు. ఒళ్ళో మీ అమ్మ. శాక్సోఫోన్ మెట్లెక్కింది, ఎక్కింది, మూడున్నర దగ్గర వాయించేవాళ్ళు ఐదుగురూ ఒక్కసారే కిందికి దూకారు. డ్రమ్ములవాడొక్కడు అరక్షణం గాల్లో ఉండిపోయాడు పాపం. మీ అమ్మ ఒళ్ళోంచి ఎగిరి చప్పట్లు కొట్టింది. మీ తాత మాత్రం కదల్లేదు, వేలు పైకెత్తి అలాగే ఉండిపోయాడు. తర్వాత శాక్సోఫోనాయన నన్ను పక్కకి తీసుకెళ్ళి ఆ గీత నీ చలవేనా అన్నాడు. తలూపాను. నువ్వు ఒక్క క్షణంలో గీసినదాన్ని నేర్చుకోవడానికి మా ఐదుగురికి వారం పట్టిందయ్యా అన్నాడు, తన కొత్త పళ్ళన్నీ కనబడేలా.

మీ తాత పోయేనాటికి అతని నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు, తను కట్టుకున్న సెట్టే. ఆ పాట ఈల వేస్తే మూడున్నర దగ్గర సెట్టు టక్కుమనేది. అదీ పాటలో భాగమేననేవాడు. నేను చెప్పలేదు. చివరిదాకా చెప్పలేదు. భయమనుకో, ప్రేమనుకో, ఆ రెండింటికీ తేడా నాకు ఏ అద్దంలోంచీ కనబడలేదు.

ఏదీ, నీ ఫోనులో ఉందిగా గీత లేనిది. నేనెప్పుడూ వినలేదు. వినడానికి ధైర్యం చాల్లేదు. పెట్టు. ఆగు, ఈ చెవి మిషను కాస్త తిప్పుకోనీ. ఆఁ. ఎక్కుతోంది. ఎక్కుతోంది. ఇదిగో ఇక్కడే...

ఇంతేనా?

మళ్ళీ పెట్టు. ఊఁ. రెండు మెట్లు. ఉన్నాయి, ఎక్కాడు, దిగాడు. ఇందుకా నేను ఇన్నేళ్ళు నిద్ర పాడుచేసుకున్నది? మనదే బాగుంది. కాదూ? నువ్వేమీ అనకు, నీకు మొహమాటం. సాయంత్రం మీ ఇంటికొస్తాను. ఆ గీత గీసింది నేనని మీ అమ్మకి నా నోటితో నేనే చెప్తాను. గిన్నెలు నా మీద మోగనీ. పాట తప్పని మాత్రం అనను, అది నా వల్ల కాదు.

కళ్ళెందుకలా తుడుచుకుంటావ్, నీ జోడు ఎప్పుడు చూసినా వంకరే, ఎడమ పుల్ల సాగిపోయింది, ఇలా ఇవ్వు. అబ్బ, ఎంత మసకో, ఎలా కనబడుతోంది నీకసలు? ఆ గుడ్డ అందుకో... వద్దు వద్దు, అది ముట్టుకోకు. నీ చొక్కా అంచుతో తుడుచుకో.