మేడ మీది బడి

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బడులకి తాళాలు, బస్సులకి విశ్రాంతి. బతుకమ్మ పండుగ ముందర ఒక మధ్యాహ్నం కొత్తపేటలో భానుమూర్తి గారి ఇంటి మేడ మీది పోర్షన్‌కి ఇంటావిడ ఉదయలక్ష్మి విసవిసా ఎక్కి వచ్చింది. అందులో కిరాయికుంటున్న కృష్ణకుమారి చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపలేదు.

“చెప్పులు విప్పను. కూర్చోను కూడా. సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. వనస్థలిపురం అడ్రసు వాళ్ళకిచ్చింది నువ్వా, మీ ఆయనా?”

“ఏ అడ్రసు?”

“ఏ అడ్రసట! ఎంత అమాయకంగా అడుగుతున్నావే!”

“కూర తరుగుకుంట కూసున్న మనిషిని, అక్కా. వనస్థలిపురమేంది, అడ్రసేంది, జర అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి.”

“అక్కా గిక్కా అనకు. పొద్దున పిల్లల క్లాసు మీద పడ్డారు మీవాళ్ళు. జెండాలు పట్టుకుని. కుర్చీలు తీసి మెట్ల మీంచి విసిరారు. మా రవి ముంజేయి గీరుకుపోయింది. పదో తరగతి పిల్లాడు, బల్ల కింద దాక్కున్నాడు!”

“అయ్యో! రవికి దెబ్బ తాకిందా? దవాఖానకు తీస్కపోయిన్రా?”

“ఆ అయ్యోలేం వద్దు.”

“ఉండుండ్రి. క్లాసేంది? బడులన్ని బంద్ ఉన్నయి కద.”

“అదే... క్లాసు.”

“అదే అంటే ఏ క్లాసు?”

“వాళ్ళ స్కూలు వాళ్ళే... ఒక ఫ్లాటు తీసుకుని... పదో తరగతి వాళ్ళకి మాత్రం... సిలబస్ ఆగిపోతోందని...”

“ఓహో. గిదా సంగతి! యూనిఫాం లేకుండ, కూరగాయల సంచిల పుస్తకాలు పెట్టుకొని, నానమ్మను ఎంటేసుకొని రవి ఆటో ఎక్కుతున్నది గందుకా? నాకేమో చుట్టాలింట్ల వ్రతమన్నరు. దినాం వ్రతమేందని నేను అడగలే. అడగకపోవుడు నాదే తప్పు.”

“నీకు చెప్పే పరిస్థితి లేదు కృష్ణా.”

“నా బిడ్డ కుసుమది గదే స్కూలు. గదే సెక్షను. దానికెందుకు చెప్పలే?”

“ఎలా చెప్తాం? మీ ఆయన ఆర్టీసీ కండక్టరు. సమ్మెలో ఉన్నాడు. తెల్లారితే చౌరస్తా గుడారంలో కూర్చుంటాడు. ఆయన చెవిన పడితే కొత్తపేటంతా పడ్డట్టే.”

“గందుకని నా బిడ్డను ఇడిచిపెట్టిన్రు.”

“విడిచిపెట్టలేదు. తర్వాత నోట్సు ఇద్దామనుకున్నాం.”

“ఎప్పుడు? మీ పిల్లలు పాసయినంకనా?”

“వెటకారం చెయ్యకు.”

“మూడిండ్ల పిల్లలు. మీ రవి, నాగేశ్వరమ్మ బిడ్డ విజయదుర్గ, నా కుసుమ. బడులు బంద్ అయితె గీ మేడ మీద చాప ఏసి మనమే బడి పెట్టినం. ఎవరి పిల్లలకు వాళ్ళమ్మ చెప్పొద్దని రూలు పెట్టిందెవరు?”

“నేనే.”

“ఎందుకు పెట్టిన్రు?”

“సొంత పిల్లలైతే కోపమొచ్చి కొడతామని.”

“మీ రవికి నేను తెలుగు, సోషల్ చెప్పిన. నా బిడ్డకు మీరు లెక్కలు చెప్పిన్రు. నాగేశ్వరమ్మ హిందీ చెప్పింది. ఒకదినం పొద్దుగాల నా బిడ్డ చాప ఏసింది, జగ్గుల నీళ్ళు పెట్టింది, బుక్కు తెరిచి కూసున్నది. ఎవ్వరు రాలే. తెల్లారి గూడ ఏసింది. అప్పుడు గూడ ఎవ్వరు రాలే. ‘అమ్మా, నేనేమన్న తప్పు చేసిన్నా?’ అని అడిగింది. ఏం చెప్పాలె నేను?”

“నాకు బాధ లేదనుకోకు.”

“ఉన్నదనుకోలే.”

“ఎంత పొగరే నీకు! బాధపడుతూ కూర్చుంటే సంవత్సరం పోతుంది. అక్కడ విజయవాడలో పిల్లలు సిలబస్ ముగించి రివిజన్లు చేస్తున్నారు. ఇక్కడ మావాడు నీ దగ్గర కాకతీయుల చెరువుల కథలు వింటున్నాడు. తూములట, అలుగులట!”

“సిలబస్‌ల లేదా అది?”

“ఒక పేజీ ఉంది. నువ్వు వారం చెప్పావు.”

“వాడే అడిగిండు. ఇంకా చెప్పాంటీ అన్నడు.”

“వాడు అడుగుతాడు. మార్కులు నువ్వేస్తావా? డిగ్రీ మధ్యలో మానేసినదానివి, నీ చేతికి పిల్లాణ్ణి అప్పగించడం నాదే బుద్ధి తక్కువ.”

“మీరు పీజీ చేసిన్రు కద. లెక్క తప్పు చేసిందని నా బిడ్డను అందరి ముందట ఏమన్నరు? ‘కండక్టరు కూతురివి, చిల్లర లెక్క కూడా రాదా’ అన్నరు.”

“సరదాకన్నాను.”

“దాని మొఖంల సరదా కనబడలే. ఆ రాత్రి అన్నం తినలే అది.”

“ఆ కక్షతోనే అడ్రసు చెప్పావన్నమాట!”

“అడ్రసు నాకు తెలిస్తెనే కద! మీరే దాస్తిరి. తెల్వంది ఎట్ల చెప్త?”

“మీ ఆయన కనుక్కుని ఉంటాడు.”

“రాజు ఊర్ల లేడు. మా మామ రామస్వామికి పానం బాగలేదని లారీ పట్టుకొని నల్లగొండ దిక్కు పోయిండు. ఇంకా రాలే. ఫోన్ చేసి అడుగుండ్రి.”

“అయితే నువ్వే. చెప్పింది ఆడమనిషే అన్నారు.”

“ఎవరన్నరు?”

“నాగేశ్వరమ్మ వాళ్ళాయన కనుక్కున్నాడు. ఆటో నడిపే అంతయ్య దూరం నుంచి చూశాడట. ఎండకి కొంగు కప్పుకుందట, మొహం కనపడలేదట. గుడారం దగ్గర వంటావార్పులో విస్తరి ముందు కూర్చుని అన్నం తిన్నదట. చెయ్యి కడుక్కుని తాపీగా చెప్పి వెళ్ళిందట, ఏ వీధో, ఏ అపార్టుమెంటో, ఎన్నో అంతస్తో.”

“దిల్‌సుఖ్‌నగర్ కాన్నుంచి ఎల్బీనగర్ దాంక నేనొక్కదాన్నేనా ఆడమనిషిని?”

“రోజూ అక్కడ గరిటె తిప్పేది నువ్వేగా.”

“వండుత. అందరికీ వండుత. అడిగితె మీకు గూడ వడ్డిస్త.”

“నీ వంట తినే ఖర్మ నాకేం పట్టలేదు! మీ ఆయనకి జీతం ఆగిందని సంచితో బియ్యం పైకి పంపించాను. మర్చిపోయావా?”

“మరువలే. బస్సుల్లేని నాడు భానుమూర్తి సారుకు జరమొస్తె భుజమ్మీద ఏసుకొని దవాఖానకు తీస్కపోయింది రాజే. అది మీరు మరిచిన్రు.”

“మాట తప్పించకు. ఆ ఆడమనిషి చేతిలో పలక ఉందట. వాళ్ళు పంతులమ్మ అనుకున్నారట.”

“ఏం... ఏమున్నది చేతిల?”

“పలక. రాతి పలక. మా రవి చిన్నప్పటిది అటక మీంచి మాయమైంది. పోయిన వారం నీ వంటింటి కిటికీలో చూశాను. పదో తరగతి పిల్లలకి పలకెందుకా అని అప్పుడే అనుకున్నాను.”

కృష్ణకుమారి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆమెకి తెలిసిపోయింది. తెలిసింది చెప్పడానికి మాత్రం వీల్లేదు. ఒట్టు వేసిన నోరు మరి.

“పలక నీ దగ్గరుందా లేదా?”

“ఉండె.”

“ఇప్పుడేది?”

“లేదు.”

“కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా?”

“ఎవరో తీస్కపోయిన్రు. పిల్లలేమో.”

“మా అత్తయ్యని అడుగుతానుండు. రోజూ పాఠాలప్పుడు నీ దగ్గరికే వచ్చేదిగా, చూసే ఉంటుంది.”

“పెద్దమ్మనా? ఆమెను అడగకుండ్రి.”

“ఎందుకడక్కూడదు?”

“ఆమెకేం తెల్సు? పప్పుల రాళ్ళు ఏరనీకి ఒస్తుండె. జరసేపు కూసుంటుండె. పోతుండె.”

“పప్పులో రాళ్ళా? ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టని మనిషి నీ పప్పులో రాళ్ళు ఏరిందా?”

“ఆమె ముచ్చట తియ్యకుండ్రి. ఏమన్న ఉంటె నన్ను అడుగుండ్రి.”

“అడుగుతూనే ఉన్నాను. పలక పట్టుకుని గుడారానికి వెళ్ళింది నువ్వేనా?”

“అవును.”

“ఏంటి?”

“అవును అంటున్న. నేనే అనుకోండ్రి.”

“అనుకోవడమేంటి? నువ్వా, కాదా?”

“నేనే. సరేనా? అయిపాయె.”

“ఇందాకట్నుంచీ అడ్రసే తెలియదన్నావు!”

“అబద్ధం చెప్పిన.”

“ఛీ! నీ కూతురి స్నేహితులే కదే వాళ్ళు! మొన్నటిదాకా ఆ చాప మీద కూర్చోబెట్టి మావాడికి పెరుగన్నం కలిపి పెట్టావు. ఆ చెయ్యేనా ఇది?”

“ఆ చెయ్యే. ఇంకేమన్న అనేదుంటె అనుండ్రి.”

“అనడానికేముంది? దసరా కల్లా ఇల్లు ఖాళీ చెయ్యండి.”

“పండుగ ముందటనా?”

“పండగ ముందే.”

“బస్సుల్లేవు. ఆయన ఊర్ల లేడు. పదో తరగతి పిల్లను పట్టుకొని నేను ఏడికి పోవాలె?”

“చెప్పేముందు ఆలోచించుకోవాల్సింది.”

“మంచిగున్నది. మా నల్లగొండ రోడ్డు మీద, మా గడ్డ మీద మేమే కిరాయిదార్లం, పొమ్మంటె పోవాలె.”

“మేమేం అప్పనంగా రాలేదిక్కడికి. మామయ్యగారు ఈ జాగా కొన్నప్పుడు చుట్టూ రాళ్ళూ ముళ్ళూ. నా కొడుకు పుట్టింది ఇక్కడే. మీవాళ్ళు రోడ్డు మీద ‘ఆంధ్రావాలా భాగో’ అని అరిస్తే ఎక్కడికి పోవాలి వాడు? ఆ మాట వినపడినప్పుడల్లా కిటికీలు మూస్తాడు. తెలుసా నీకు?”

“తెల్సు.”

“ఏం తెలుసు?”

“ఇక్కడ కూసున్నప్పుడు గూడ లేచి మూసిండు. నేనే తెరిచిన. ‘నేనున్న గదరా బిడ్డా, నువ్వు పాఠం చదువు’ అన్న. చదివిండు.”

“ఆ మాటన్నదానివే...”

“పోతం. దసరా లోపల పోతం. ఒక్కటే అడుగుత. పెద్దమ్మను మాత్రం ఏమనకుండ్రి.”

“మధ్యలో మా అత్తయ్య గొడవేంటి నీకు?”

“ఉదయా, కాస్త జరుగమ్మా. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డావు.”

“అత్తయ్యా! మీరెందుకొచ్చారు మెట్లెక్కి? మోకాళ్ళ నొప్పులన్నారుగా!”

“ఈ వెంకాయమ్మకి ఈ మెట్లు కొత్తా? రోజూ ఎక్కినవేగా. ఏమే కృష్ణా, ఎందుకే నీ మీద ఏసుకుంటన్నావ్?”

“పెద్దమ్మా, మీరు కిందికి పోండ్రి. ఏం లేదిక్కడ.”

“కింద నుంచి అంతా వింటానే ఉన్నా. ఇల్లు ఖాళీ చేస్తదంట! నువ్వెందుకు చేస్తావ్?”

“పెద్దమ్మా! ఒట్టు పెట్టిచ్చిన్రు మీరు. నా బిడ్డ మీద పెట్టిచ్చిన్రు.”

“నేనే పెట్టించా. నేనే తీసేస్తన్నా.”

“ఏం ఒట్టు? అత్తయ్యా, ఏంటిదంతా? ఆ కొంగు కింద ఏంటది?”

“పలక. నీ కొడుకుదే. గుడారం కాడికి ఎల్లింది నేను. అన్నం తిన్నది నేను. పప్పుచారు బాగా కాచారు. అడ్రసు చెప్పింది కూడా నేనే.”

“మీరా? రోజూ వాణ్ణి ఆటోలో తీసుకెళ్ళి దింపింది మీరే కదా!”

“అందుకేగా అడ్రసు తెలిసింది.”

“సొంత మనవడత్తయ్యా! వాడి చెయ్యి చూశారా?”

“చూశా. కుర్చీలు ఇసురుతారనుకోలా. ఎవర్నీ ఏం అనం, తాళమేసి పిల్లల్ని ఇళ్ళకి పంపిస్తాం అన్నారు. నమ్మా. ఇప్పుడే ఆడి చేతికి పసుపు రాసొచ్చా. రాస్తా ఏడ్చా. ఆ పాపం నాదే, ఈ పిల్లది కాదు.”

“ఎందుకు చెప్పారు? ఈవిడ చెప్పమందా?”

“ఇది నోరెత్తితే గదా! పిల్లలు అటు పోయాక ఇక్కడ చాప ఎత్తేసింది. తలుపేసుకుని కూర్చుంది. నన్నూ రావద్దంది, ‘ఇంక బడి లేదు పెద్దమ్మా’ అని.”

“బడి లేకపోతే మీకేంటి? మీకిక్కడేం పని?”

“నువ్వు కాపురానికొచ్చిన కాడ్నుంచీ పొద్దున్నే పేపరు పట్టుకుని కూర్చుంటా, చూశావుగా?”

“చూడకేం? మీరు చదివాకే గదా నాకిస్తారు.”

“బొమ్మలు చూస్తా.”

“అత్తయ్యా!”

“సంతకం ఒక్కటే వచ్చమ్మా నాకు. అది కూడా మీ మామయ్య నేర్పిందే. పీజీ చదివిన కోడలి ముందు ఆ మాట ఎట్టా చెప్పుకోను? పిల్లలు పాఠానికి కూర్చున్నాక ఇది నన్ను వంటింట్లో కూర్చోబెట్టి దిద్దించింది. నీకు చెప్పనని ఒట్టేయించుకున్నా.”

“ఇంటికి పెద్దవాళ్ళు... నన్నడిగితే నేను నేర్పనా?”

“ఎవరింటోళ్ళకి వాళ్ళు చెప్పకూడదని నువ్వేగా రూలు పెట్టింది. అక్షరాలొచ్చాయి. గుణింతాలొచ్చాయి. గుడారం మీద ‘తెలంగాణ’ అని గడగడా చదివేశా. ఆ పక్క మాట దగ్గర ఆగిపోయా. పలక మీద దించుకుందామని నిలబడితే, పంతులమ్మగారూ రండి అని వాళ్ళే విస్తరేశారు.”

“దీనికోసం పిల్లల క్లాసు చెడగొట్టారా అత్తయ్యా?”

“పిల్లలు తిరిగొస్తే ఈ మేడ మీద బడి మళ్ళీ తెరుస్తారనుకున్నానమ్మా. నాకింకా ఒత్తులు రాలేదు.”