ఏటికవతల పుట్టిల్లు

విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ అధ్యయనాల శాఖ. మాస్టారి గదిలో ఆనర్స్ పరిశోధన ఏడాది చదువుతున్న అమ్మాయి, మాస్టారు.

“మానేస్తానంటే మానెయ్యడమేనా? ముందు కూర్చో.”

“నిలబడే ఉంటాను సార్. మీరు సంతకం పెడితే వెళ్ళిపోతాను.”

“పెట్టను. ఈ ఆనర్స్ ఏడాది కోసం ఎంతమంది కాళ్ళరిగేలా తిరిగారో నీకు తెలీదు. కమిటీలో నీ తరఫున గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఈ ఒక్క ఏడాదీ గట్టెక్కితే తిన్నగా పీహెచ్‌డీలో చేరతావు. చేతికొచ్చిన పంటకి నిప్పెట్టుకుంటావా?”

“ఇంక రాయలేను సార్.”

“రాయలేకపోవడం జబ్బేం కాదమ్మా. పరిశోధన అంటే కొత్త కాపురం. మధ్యలో అందరికీ పుట్టింటికి పారిపోదామనే ఉంటుంది.”

“అవును సార్.”

“నవ్వుతావనుకున్నాను.”

“నవ్వొచ్చే మాటే సార్.”

“ఏమైంది? ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది. నాకేం కాలేదు సార్. నాకేమీ కాలేదు.”

“నీక్కాకపోతే మరెవరికి?”

“పిన్నికి. మా బాబాయి భార్య.”

“నీ చాప్టర్లో ఆవిడా? ఏటికవతల పుట్టిల్లని రాశావు.”

“ఆవిడే. మా ఊరి కోడళ్ళలో సగంమంది అవతలి గట్టువాళ్ళే కదా సార్. ఏరు సరిహద్దయి, దారి మూసెయ్యక ముందు కాపురానికొచ్చినవాళ్ళు. తల్లికి ప్రాణం మీదికొచ్చిందని పిన్నికి కబురొచ్చింది. ఏరు దాటబోయి దొరికిపోయింది. తోడెళ్ళినవాళ్ళూ దొరికిపోయారు. ఎక్కడ పెట్టారో చెప్పడం లేదు.”

“అయ్యయ్యో. ఎప్పుడిది?”

“మొన్న.”

“పాపం. అయినా కాపలావాళ్ళన్నాక ఎప్పుడో ఒకప్పుడు పట్టుకోరా?”

“ఇన్నేళ్ళూ పట్టుకోలేదు సార్.”

“అదృష్టం.”

“అదృష్టం కాదు సార్, బిందె.”

“ఆ... అవునవును. బిందె.”

“రేవులో బట్టలుతికే రాతిమీద బిందె నిలబెట్టి ఉంటే కాపలా ఉన్నట్టు. బోర్లించి ఉంటే లేనట్టు. మగాళ్ళకి కూడా సరిగ్గా తెలీదది. అత్తలు కోడళ్ళ చెవిలో వేసే మాట. మొన్న బిందె బోర్లించే ఉంది. మావాళ్ళెవరూ బోర్లించలేదు.”

“మరెవరు?”

“కాపలావాళ్ళే. బోర్లించి, తుప్పల్లో కూర్చున్నారు.”

“టీ తాగుతావా?”

“వద్దు సార్.”

“పోనీ మంచినీళ్ళు?”

“వద్దు.”

“చూడమ్మా, నీ పేపర్ వల్లే అని ఎవరన్నారు? పేర్లు మార్చాం. ఊరి పేరు తీసేశాం, ఏటి పేరు తీసేశాం. కమిటీ చెప్పింది చెప్పినట్టు చేశాం.”

“పేర్లన్నీ మార్చాను సార్. పిన్నికి ఏ పేరైతే నప్పుతుందా అని రెండు పూటలు ఆలోచించాను కూడా. బిందెని మాత్రం మార్చకుండా ఉన్నదున్నట్టే రాశాను.”

“అంత చిన్న విషయం...”

“ఆ ఏటికి రేవు ఒక్కటే సార్.”

“ఇంట్లో ఏమంటున్నారు?”

“బాబాయి నా మొహం చూడలేదు. నాన్న ఒక్క మాటే అన్నాడు. ‘మనింటి కోడల్ని తీసుకెళ్ళి పుస్తకంలో పెట్టావుగా, ఇప్పుడు తీసుకురా’ అని.”

“బాధలో అలాగే అంటారు. నువ్వు ఎవరికైనా చూపించావా? స్నేహితులకీ...”

“లేదు సార్.”

“హాస్టల్లో ఎవరైనా, నువ్వు లేనప్పుడు...”

“ఆ చాప్టర్ మీకొక్కరికే ఇచ్చాను సార్.”

“అదీ... ఆనర్స్ పేపర్లు ఎవరు చదువుతారమ్మా? రాసినవాళ్ళూ, దిద్దినవాళ్ళూ. ఆ తర్వాత చెదపురుగులు.”

“బాబాయికీ అదే చెప్పాను. మా సార్ తప్ప ఇంకెవరూ చదవలేదు, మా సార్ అలాంటివారు కాదు అని.”

“ఏమన్నాడు?”

“అడిగి రమ్మన్నాడు.”

“ఏమని?”

“మీకు తెలుసు కదా సార్.”

“సంతకం ఎక్కడ పెట్టాలి? ఇలా ఇవ్వు.”

“ఇప్పటిదాకా పెట్టనన్నారు.”

“నీ ఇష్టాన్ని కాదనడానికి నేనెవర్ని? ఇవ్వమ్మా, పెడతాను.”

“సార్, ఆ పేజీలు ఎవరికైనా ఇచ్చారా?”

“ఇవ్వలేదు. ఒట్టు, ఎవరికీ ఇవ్వలేదు. సెమినార్లో చదివానంతే. ఇంత చిన్నపిల్ల ఇంత పని చేసిందని నలుగురికీ తెలుస్తుంది కదా అని. సరిహద్దు శాఖవాళ్ళు ముందు వరసలో కూర్చుని, తల ఎత్తకుండా రాసుకుంటుంటే, నీ పేపర్‌కి ఎంత మర్యాదో అనుకున్నానమ్మా.”