చొక్కా జేబులో అక్క గొంతు

ఈ ఊళ్ళో గిటారు వాయించేవాళ్ళందరినీ వరసగా నిలబెట్టండి మేడమ్. నన్ను మించినవాడు ఒక్కడున్నా సరే, ఈ రెండు చెవులూ తీసి మీ బల్లమీద పెడతాను! అంటే... అవి ఇప్పటికే మీ బల్లమీదే ఉన్నాయనుకోండి. పైగా ఆ వరసలో ఎవడు ఏం వాయించాడో నాకు వినపడి చావదు. అందుకే ఇంత ధైర్యం.

గట్టిగా అరుస్తున్నానా? మీరు చెయ్యి అలా కిందికి దించితే అదే కదా అర్థం. సరే, తగ్గించాను. తగ్గిందా? చెవి మిషన్లు తీసేస్తే నా గొంతు ఎంత ఎత్తులో ఉందో నాకే తెలీదండీ.

మీరు మాత్రం ఏమీ మాట్లాడకండి, దండగ. ఏదైనా ఉంటే ఆ చీటీ మీద రాయండి. ఇన్నాళ్ళకి ఒక మనిషి నా మాటకి అడ్డు రాకుండా కూర్చుంది, ఈ సుఖం కాస్త అనుభవించనివ్వండి.

అరగంట నుంచీ వాటిని ఆ పెట్టెలో పెట్టి, మూతేసి, ఏదో కూయించి కంప్యూటర్లో చూస్తున్నారు. పోలీసులు కూడా ఇంతసేపు విచారించరు!

మా అక్క పంపిన కాగితం చదివారుగా? 'పోయిన శనివారం పాట మధ్యలో మా తమ్ముడి చెవి మిషన్లు రెండూ ఒకేసారి ఆగిపోయాయి. పరీక్షించి లోపమేమిటో రాసి ఇవ్వగలరు.' కింద సంతకం, తేదీ. మందుల షాపులో పనిచేస్తుంది లెండి, ప్రతిదానికీ చీటీ ఉండాలి ఆవిడకి. ఇంట్లో ఉప్పు అయిపోయినా తేదీ వేసి గోడకి అంటిస్తుంది.

ఐదింటికి వస్తుంది. మీరు రాసిన కాగితం చూశాకే ఈ శనివారం నాతో పాడేదీ లేనిదీ చెప్తుందట.

తొమ్మిదేళ్ళండీ. ప్రతి శనివారం, పుస్తకాల షాపు మీద గది, నలభై కుర్చీలు. అక్క పాడుతుంది, నేను వాయిస్తాను. అక్కకి పాటలో మాటలు మర్చిపోయే జబ్బు ఉంది. రెండో చరణానికి వచ్చేసరికి తెల్లమొహం వేస్తుంది. అప్పుడు నేను చరణం మొదటికి వెనక్కి వెళ్ళి, గుర్తొచ్చేదాకా అక్కడే తిరుగుతుంటాను. జనం అదేదో మా గొప్పతనం అనుకుంటారు. తొమ్మిదేళ్ళుగా ఒక్కడికీ అనుమానం రాలేదు!

తర్వాత నా చెవులు మొరాయించడం మొదలుపెట్టాయి. ముందు సన్నతీగ పోయింది. తీగే పాడైందేమోనని మూడుసార్లు మార్చాను, వెధవని. ఆ తర్వాత షాపులో... ఫోటో ఫ్రేములు కడతాను కదా, అద్దం మీద గీటు సరిగ్గా పడితే చిన్న చప్పుడొస్తుంది. అది పోయింది. అప్పుడు అక్కే చెయ్యి పట్టుకుని మీ దగ్గరికి లాక్కొచ్చింది.

మీ మిషన్లు మంచివేనండీ, నేను కాదనను. మాటలు బ్రహ్మాండంగా వినపడతాయి. నాకు ఇష్టం లేనివాళ్ళవి కూడా. కానీ గిటారు దగ్గర వాటికేం పొయ్యేకాలమో! సన్నతీగ మీద ఒక స్వరం పట్టి అలా నిలిపాననుకోండి, మిషను అది తనలోంచి వచ్చే ఈల కూతే అనుకుని దాని పీక నొక్కేస్తుంది. స్వరం గజగజ వణికి నీళ్ళలో మునిగిపోతుంది. దొంగ అనుకుని ఇంటాయన్నే పట్టుకుని బాదినట్టు!

ఏంటీ, రాస్తున్నారు... 'మూడో ప్రోగ్రాం'. పెట్టారండీ, సంగీతానికని ప్రత్యేకంగా పెట్టారు. కాదన్నానా? ఇప్పుడు నా గిటారు పక్కింటివాళ్ళ స్నానాల గదిలో ఎవరో వాయిస్తున్నట్టుంటుంది. అంతకుముందు వీధి చివర ఉండేది. ఆ మాత్రం దగ్గరకొచ్చింది.

ఇక ఆ బ్లూటూత్! మొన్నామధ్య మంచి విషాదగీతం మధ్యలో నేరుగా చెవుల్లోకే ఫోను. పార్సిలు కుర్రాడు ఇల్లెక్కడ అంటాడు. నేను అలవాటు కొద్దీ "రెండో అంతస్తు, ఎడమ పక్క" అని పైకే అనేశాను. ముందు వరసలో ఏడుస్తున్న పెద్దావిడ ఒక్కసారిగా ఆపేసింది. నవ్వకండి. నవ్వండి, పర్లేదు, నాకెలాగూ వినపడదు.

ఫోను అలా నేరుగా చెవుల్లోకి రావడం చూసే కదా మీరు అక్క కాలరుకి తగిలించుకునే ఆ చిన్న మైకు ఇచ్చారు? అద్భుతమండీ అది. అక్క గొంతు గాల్లోంచి ఎగిరొచ్చి నా తలకాయ మధ్యలో కూర్చుంటుంది. ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. అది వచ్చినప్పుడు మాత్రం గిటారు ఉండదు. నా వేళ్ళు కదులుతుంటాయి, అంతే. అద్దం తుడుస్తున్నట్టు.

మిషన్లు తీసేస్తే? గిటారు చెక్క అంచు మీద గడ్డం ఆనించి, పళ్ళు బిగించి చూడండి ఎప్పుడైనా. దవడ ఎముకలోంచి వస్తుందండీ! సన్నతీగతో సహా, నాకు గుర్తున్న గిటారు. వణుకు లేదు, మునక లేదు. కానీ అప్పుడు అక్క ఉండదు. ఎదురుగా నిలబడి నోరు తెరిచి మూస్తుంటుంది, చేపలా.

అక్క ఉంటే గిటారు లేదు. గిటారు ఉంటే అక్క లేదు. రెండూ ఒకేసారి వచ్చే ప్రోగ్రాం ఉందా మేడమ్? ఆరోదో ఏడోదో?

అలా తల అడ్డంగా ఊపడానికి మీకెంత బాధగా ఉందో కనిపిస్తూనే ఉంది. పోనీ వదిలేయండి.

ఏదీ, ఇటివ్వండి. 'రెండు మిషన్లూ బాగా పనిచేస్తున్నాయి. లోపమేమీ కనిపించలేదు.'

ఇది... ఇదే ఇస్తారా అక్కకి?

ఏదో ఒకటి రాయకూడదండీ? చెమట పట్టిందనో, బ్యాటరీ నీరసపడిందనో. చిన్న లోపం. చంటిపిల్లాడికి జలుబంత. అక్క నమ్మేస్తుంది, అక్కకి కాగితం ఉంటే చాలు. మిషన్లని నిజంగా పాడుచెయ్యమనట్లేదు కదా, ఒక్క వాక్యం.

అలా చూడకండి.

సరే. అవి ఆగిపోలేదు.

నేనే తీశాను. పాటకి ముందు తల వంచి శ్రుతి చేసుకుంటున్నట్టు నటించి, రెండూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. చెవులు కప్పేలా జుట్టు పెంచాను కదా, ఎవరికీ తెలీలేదు. ఒక్కసారి, ఒక్క పాటకి, అందరి ముందూ నా గిటారు నేను వినాలనిపించిందండీ. అక్క పాట నాకు కంఠతా వచ్చు, వినకపోయినా ఎక్కడుందో తెలుస్తుందనుకున్నాను. జేబులో అక్క పాడుతూనే ఉంది, నేనేమో గిటారుకి గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాను.

ఆవిడ రెండో చరణం మర్చిపోయింది. ఎప్పటిలాగే. నేను వెనక్కి వెళ్ళలేదు. రెండుసార్లు "తమ్ముడూ" అని పిలిచిందట. నా జేబుని పిలిచింది పాపం. అయిపోయాక తనే జనానికి చేతులు జోడించి, "వాడి మిషన్లు ఆగిపోయాయి, ఏమీ అనుకోకండి" అంది. నేను తలూపాను. అక్కడితో ఆ మాట నిజమైపోయింది.

ఇంకొకటి ఉంది. ఇది కాగితం మీద పెట్టకండి.

మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచానండీ. అక్క నోరు కదలట్లేదు. నా వైపు చెయ్యి చాపి నిలబడి ఉంది. ఏం జరిగిందో నాకు తెలిసింది, మొత్తం తెలిసింది. చరణం మొదటికి వెళ్ళడానికి ఎంతసేపండీ, రెండు వేళ్ళ పని. కానీ ఆ చరణం చివర్లో సన్నతీగ మీద పొడుగాటి స్వరం ఒకటి ఉంది. రెండేళ్ళయింది జనం ముందు నేను దాన్ని విని.

కళ్ళు మళ్ళీ మూసుకున్నాను.