గుర్తుమాట

ఉదయం ఎనిమిదిన్నర. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసే సైకాలజీ ప్రొఫెసరుగారి వంటిల్లు. భార్య పొయ్యి దగ్గర, ఆయన ఒంటికాలి మేజోడుతో ఆవిడ వెనకాల.

“ఇవ్వనంటే ఇవ్వను.”

“నీకు పుణ్యముంటుందే, ఆ పెన్‌డ్రైవ్ ఇచ్చెయ్! పదింటికి కమిటీ. ఆరేళ్ల పరిశోధన అందులోనే ఉంది. అది చూపించకపోతే నా ల్యాబుకి తాళం వేసేస్తారు.”

“గుర్తుమాట చెప్పండి, ఇస్తాను. పోయిన సోమవారం ఏమన్నారు? ‘నేను కాళ్లు పట్టుకున్నా సరే, మాట చెప్పందే ఇవ్వకు. నా పద్ధతిలో గుర్తుపెట్టుకున్న మాట వారమైనా చెక్కుచెదరదు, కమిటీకి రుజువు చేస్తాను’ అన్నారా లేదా?”

“అన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను.”

“మరి చెప్పండి.”

“ఏనుగు.”

“కాదు.”

“గొడుగు?”

“కాదు.”

“గొడుగు పట్టుకున్న ఏనుగు! వింత బొమ్మ ఊహించుకుంటే మెదడు వదలదు. అదే నా సిద్ధాంతం.”

“సిద్ధాంతం బాగుంది. మాట అది కాదు.”

“ఆగాగు. చెప్పిన చోటే నిలబడితే గుర్తొస్తుంది. అప్పుడు ఎక్కడున్నాను?”

“బాత్రూం గుమ్మంలో. నోట్లో బ్రష్షు.”

“నువ్వూ ఇలా గుమ్మం దగ్గరికి రా. బ్రష్షేదీ? ఆఁ... ఇఫ్ఫుడు... నిఛ్ఛెన!”

“నురగ నా మీద పడుతోంది. కాదు.”

“తాబేలు? తబలా? తాళంచెవి?”

“కాదు, కాదు, కాదు. నిఘంటువంతా చదువుతారా ఏంటి? తొమ్మిదవుతోంది.”

“ఓడిపోయానే తల్లీ! నా సిద్ధాంతం ఉత్త డొల్ల. కమిటీకి ఆ మాటే చెప్పేస్తాను. పెన్‌డ్రైవ్ ఇవ్వు, నెల్లాళ్లు గిన్నెలు నేనే తోముతాను.”

“రెండు నెలలు.”

“సరే, రెండు!”

“ఉప్పు డబ్బాలో ఉంది, తీసుకోండి.”

“అమ్మయ్య! ఇంతకీ ఆ మాటేంటే? తెలియకపోతే నా బుర్ర పగిలిపోయేలా ఉంది.”

“నాకేం తెలుసు?”

“తెలియదా?”

“మీరు చెప్తూ ఉండగానే పాలు పొంగాయి. పాల మీద ధ్యాస పెట్టనా, మీ మాట మీద పెట్టనా?”

“మరి ఏనుగన్నా కాదన్నావు, తాబేలన్నా కాదన్నావు! వాటిల్లో ఏదో ఒకటి అయ్యుండొచ్చుగా!”

“అయ్యుండొచ్చు.”

“మరి ఏ ధైర్యంతో కాదన్నావే?”

“పాతికేళ్ల కాపురం. మీరు చెప్పింది కాదనడానికి నాకు జ్ఞాపకశక్తి ఎందుకండీ?”